చచ్చిన గొఱ్ఱె వెల

వైద్యవిషయకములైన ఉత్కంఠకథలను చదువుటయందును, వానిని వెండితెరపై చూచుటయందును అభిరుచి గలవారికి ఆ కథల నడక యెట్లుండునో చెప్పనక్కఱలేదు. ఎక్కడనో మానవసంచారము తక్కువైన అరణ్యమున ఒక జంతువు నెత్తుటిలో పేరులేని సూక్ష్మజీవి యొకటి కాపురముండును. ఒకనాడది ఒక అభాగ్యుని దేహమున ప్రవేశించును. అతడు జ్వరముతోనే విమానమెక్కును. వారము తిరుగునప్పటికి మహానగరములు నిర్మానుష్యములగును. తుదకు నిద్రాహారములు మానిన వైద్యుడొకడు ప్రయోగశాలలో మందు కనిపెట్టి లోకమును గట్టెక్కించును. ఇందు కల్పన యెంత యున్నను, 2011లో స్టీవెన్ సోడర్‌బర్గ్ తీసిన ‘కంటేజియన్’ అను చిత్రము మాత్రము తన కడపటి దృశ్యమున ఒక సత్యమును పలికినది. గబ్బిలము జారవిడిచిన పండుముక్కను ఒక పంది తినును. ఆ పంది కళేబరమును మకావు నగరమున ఒక వంటవాడు చేతులతో సవరించుచుండును. ఎవరో పిలువగా అతడు చేతులు కడుగుకొనక, కట్టుకొన్న గుడ్డకు రాచికొని వచ్చి, అతిథితో కరచాలనము చేయును. చిత్రమంతటను ప్రేక్షకుని గడగడలాడించిన మహమ్మారికి మూలమింతే: చచ్చిన పశువు, దానిని ముట్టిన చేయి.

ఈ మూలమును వెదకుచు మనము మకావు వఱకు పోనక్కఱలేదు. కర్నూలునుండి ఆత్మకూరు మీదుగా నల్లమల దిక్కునకు పోవు బాటమీద నందికొట్కూరు కలదు. 2022 ఏప్రిలునుండి అది నంద్యాల జిల్లాలోనిది, అంతకు పూర్వము కర్నూలు జిల్లాలోనిది. సుంకేసుల ఆనకట్టయొద్ద తుంగభద్రనుండి బయలుదేఱి, జనుల నోట కె.సి. కాలువ యని పిలువబడుచున్న కర్నూలు-కడప కాలువ ఈ సీమలో కొంత నేలను మాగాణి చేసినది. నీరందని మిగిలిన పొలములు వాన మొగము చూచు మెట్టలు. వాన తప్పిన యేట జొన్న పండదు, శనగ పండదు. గొఱ్ఱె మాత్రము ఎండిన కొయ్యకాళ్ళ నడుమ ఏ గడ్డిపోచనో వెదకికొని బ్రదుకును. అందుచేత కఱవుసీమలో గొఱ్ఱె కేవలము మాంసము కాదు. పిల్ల పెండ్లికి, బోరుబావి అప్పునకు, ఆసుపత్రి ఖర్చునకు అక్కఱకు వచ్చు నిలువసొమ్ము. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశమున సుమారు 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలు లెక్కకు వచ్చినవి. దేశమంతటిలో తెలంగాణము తరువాత ఈ రాష్ట్రమునదే రెండవ స్థానము. కురువలును గొల్లలును పైరు కోసిన చేలలో రాత్రివేళ మంద నిలిపి, ఆ యెరువునకు ప్రతిఫలముగా రైతువలన గింజలో రూకలో పుచ్చుకొనుట ఈ ప్రాంతమున తరతరములుగా వచ్చుచున్న యాచారము.

అట్టి మందలో ఒకనాటి వేకువను ఒక గొఱ్ఱె చచ్చి పడియుండుట కాపరి చూచుననుకొందము. నిన్న ప్రొద్దు గ్రుంకు వఱకు అది మేసినది, నెమరు వేసినది, జబ్బు జాడయే లేదు. ఇప్పుడు దాని కడుపు ఉబ్బియున్నది. ముక్కునుండియు మలద్వారమునుండియు నల్లని నెత్తురు కాఱుచున్నది. ఆ నెత్తురు గడ్డకట్టదు. చచ్చి జాములు గడచినను కాళ్ళు పూర్తిగా బిగిసికొనలేదు. తొలకరి పచ్చిక మేసి చచ్చిన గొఱ్ఱెను చూచి చిటుకరోగమనుకొనుట కాపరులకు అలవాటు. ఇంకను నిలిచియున్నది చర్మము, మాంసము. మధ్యాహ్నమునకు కుళ్ళిపోవును. కత్తి తీసినచో వచ్చినంత వచ్చును. తీయకున్న వేల రూపాయలు మట్టిపాలు. అందుచేత అతడు తోలొలిచి, కోసి, పోగులు వేసి, సగము ధరకు ఊరిలో పంచిపెట్టును. ఈ నిర్ణయమున మూర్ఖత్వము లేదు, లెక్క యున్నది. అయితే ఆ గొఱ్ఱెను చంపినది చిటుక కాక దొమ్మయైనచో, ఆంత్రాక్స్ అని వైద్యులు పిలుచునదియైనచో, ఆ లెక్కలో చేరని అంకె యొకటి కాపరి మోచేతిమీద నాలుగైదు దినములలో పైకి తేలును.

మానవునకు రోగము కలిగించు జీవులను 2001లో కొందఱు శాస్త్రజ్ఞులు పట్టిక వేయగా 1,415 జాతులు తేలినవి. అందు నూటికి 61 పశుపక్ష్యాదులనుండి మనకు సంక్రమింపగలవి. కాబట్టి మృగరోగము మనుష్యుని చేరుట అపూర్వమైన యుత్పాతము కాదు, అతి సామాన్యమైన సంఘటన. వీనిలో దొమ్మను ప్రత్యేకముగా ఎన్నికొనుటకు హేతువు కలదు. సూక్ష్మజీవియే రోగకారణమను సిద్ధాంతము మొట్టమొదట నిస్సందేహముగా ఋజువైనది ఈ వ్యాధి విషయముననే. ప్రయోగశాలలో బలము తగ్గించిన క్రిములతో చేసిన టీకా బహిరంగముగా పరీక్షింపబడినదియు దీని విషయముననే. తెలియవలసినది తెలిసి దాదాపు నూటయేబది సంవత్సరములైనది. తెలిసిన పిదపను వ్యాధి పోలేదనగా, కొఱత విజ్ఞానమున లేదు, మఱెక్కడనో యున్నది.

1876లో, అనగా ధాత నామ సంవత్సరపు మహాక్షామము కర్నూలు, కడప, బళ్ళారి సీమలను దహించుచున్న కాలమున, వోల్‌స్టైన్ అను చిన్న జర్మను పట్టణమందు రాబర్ట్ కోఖ్ అను జిల్లా వైద్యుడు రోగులను చూడగా మిగిలిన ప్రొద్దులలో ఇంటనే పరిశోధన సాగించుచుండెను. దొమ్మతో చచ్చిన గొఱ్ఱె ప్లీహమునుండి కొంచెము రక్తమును సన్నని కొయ్యపుల్లతో ఎలుక శరీరమున చేర్చగా ఎలుక చచ్చెను. దాని రక్తముతో మఱియొక ఎలుక, దానితో ఇంకొకటి. పశువు కంటినుండి తీసిన స్వచ్ఛద్రవములో ఆ క్రిములను పెంచుచు సూక్ష్మదర్శినిక్రింద చూడగా, కడ్డీలవలె నున్నవి పొడవైన తీగలై సాగుటయు, ఆ తీగలలో మెఱయు చిన్న బిందువులు పుట్టుటయు, ద్రవము ఎండినను ఆ బిందువులు చావక, మఱల తగిన తావు దొరకగానే కడ్డీలుగా మొలకెత్తుటయు అతని కంటబడెను. ఈ బిందువులనే సిద్ధబీజములందురు. కొన్ని పొలములలో ఏటేట పశువులు ఏల చచ్చుచున్నవో, పదేండ్లు పశువు తొక్కని బీటిలో మఱల మంద దిగగానే రోగమెట్లు లేచుచున్నదో, అంతవఱకు గ్రామదేవత కోపమునకో దృష్టిదోషమునకో ముడివేసిన విషయమంతయు ఆ మెఱయు బిందువులలో ఇమిడియున్నది.

సిద్ధబీజము సుమారు ఒక మైక్రానంత పరిమాణము గలది. దానికి ఆకలి లేదు, ఊపిరి లేదు. ఎండకు మాడదు, చలికి గడ్డకట్టి చావదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, బ్రిటిషు సైన్యము స్కాట్లండు తీరమున గ్రుయినార్డ్ అను నిర్జనద్వీపముమీద గొఱ్ఱెలను కట్టి ఈ బీజముల బాంబును పరీక్షించెను. గొఱ్ఱెలు కొలది దినములలో చచ్చినవి. ద్వీపము మాత్రము 48 సంవత్సరములు మానవులకు నిషిద్ధమై నిలిచినది. 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడును సముద్రజలముతో కలిపి నేలనెల్ల తడిపిన పిదప 1990లో గాని దానిని నిరపాయమని ప్రకటింపలేదు. 2016 వేసవిలో సైబీరియాలోని యమాల్ ద్వీపకల్పమున ఎన్నో యేండ్లుగా గడ్డకట్టియున్న నేల కరగగా, రెండువేలకు పైగా ధ్రువపు దుప్పులు దొమ్మతో కూలినవి, ఒక బాలుడు మరణించెను. మంచునేలయందే ఇట్లున్నప్పుడు రేగడినేల మాట చెప్పనేల?

అన్ని నేలలును సమానముగా ఈ బీజములకు ఆశ్రయమీయవు. పులుపు తగిలిన నేలలో అవి నిలువవు. క్షారగుణము గలిగి, సున్నపు పాలు హెచ్చుగా నున్న నేల వానికి అనుకూలము. కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతములందు నేలయడుగున పఱచుకొనియున్నది సున్నపురాయి. ఇండ్లకు అఱుగులై, గచ్చులై, గట్టుబండలై జిల్లాలు దాటిపోవు నాపబండలు ఆ రాతివే. దానిమీది నల్లరేగడిలో సున్నపు కంకర కలిసియుండును. వేడికి కొదువలేదు. దీర్ఘకాలము వాన లేక, పిమ్మట ఒక్కుమ్మడిగా జడివాన పడుట ఈ సీమకు సహజము. ఎండకాలమున గడ్డి కుఱుచయగుటచే గొఱ్ఱె మొదలంట కొఱుకును, ఆ కొఱుకులో మట్టి లోపలికి పోవును. ముండ్లును కొయ్యకాళ్ళును నోటిలోపల గీరి గాయము చేయుటచే ఆ మట్టిలోని బీజమునకు దారి ఏర్పడును. వాన పడగానే పల్లపు కుంటలకు నీటితోపాటు బీజములును కొట్టుకొనివచ్చి చేరును, మంద నీటికి దిగునదియు అక్కడనే. భూగర్భమును వాతావరణమును వృత్తియును ఒకచోట కూడుటచే రాయలసీమకు దొమ్మ పాత చుట్టమైనది. తొలకరికి ముందు మందలకు టీకాలు వేయించుట ఇచటి పశువైద్యశాఖకు ఏటేటి పని.

దేహములో ప్రవేశించిన బీజము మొలకెత్తి కడ్డీయగును. ఆ కడ్డీకి రెండు ఆయుధములు కలవు. మొదటిది దానిచుట్టు నేర్పడు జిగురు పొర. ఈ పొర యున్నంతవఱకు తెల్లరక్తకణములు దానిని మ్రింగలేవు. రెండవది విషము, అది యొకటి కాదు, మూడు ప్రోటీనుల కూటమి. ఇండ్లు దోచు ముఠాలో ఒకడు తలుపు గడియ తీయుటకును, తక్కిన యిద్దఱు లోపల పని చూచుటకును నియమింపబడినట్లు, ఇందు మొదటి ప్రోటీను కణముమీద అతుకుకొని, ఏడేసి చొప్పున వలయమై కూడి, లోనికి రంధ్రమేర్పఱచును. రెండవది ఆ రంధ్రమున జొచ్చి కణములోని జలనియమమును చెఱచి వాపు పుట్టించును. మూడవది కణములు తమలో తాము పంపుకొను సంకేతములను నఱకి, రక్షకకణములనే కూల్చును. గొఱ్ఱెలో ఈ క్రిములు అంత్యదశయందు నెత్తుటినిండ కోట్లకొలది పెరిగి, రక్తనాళములు శిథిలమై, పశువు నిలిచినది నిలిచినట్లే కూలును. పెన్సిలిన్ వంటి మందులు క్రిమిని చంపగలవు గాని, అప్పటికే విడుదలైన విషమును చంపలేవు. అందుచేతనే మొదటి దినములలో చౌకమందునకు లొంగు వ్యాధి, ఆలస్యమైనప్పుడు పెద్దాసుపత్రికి కూడ లొంగదు.

ఈ రహస్యములన్నియు తెలియకమునుపే దీనికి విఱుగుడు కనిపెట్టినవాడు లూయీ పాశ్చరు. 1881 మే 5వ తేదీన ఫ్రాన్సులోని పూయీ-లె-ఫోర్ గ్రామమున, రైతులును వైద్యులును పత్రికలవారును చూచుచుండగా, అతడు 24 గొఱ్ఱెలకు, ఒక మేకకు, 6 పశువులకు టీకా వేసెను. అంతే సంఖ్యగల గొఱ్ఱెలను, మఱియొక మేకను, 4 పశువులను టీకా లేకయే విడిచెను. మే 31న అన్నింటికిని బలిష్ఠమైన దొమ్మక్రిమిని ఎక్కించిరి. జూన్ 2న జనులు వచ్చి చూచునప్పటికి టీకా పొందిన గొఱ్ఱెలు మేయుచున్నవి. పొందనివి వరుసగా చచ్చి పడియున్నవి, మిగిలిన ఒకటి రెండును అందఱి యెదుటనే కూలినవి. అయినను పాశ్చరు టీకా బలము ఒక్కొకచోట ఒక్కొకరీతిగా నుండెడిది. 1937లో దక్షిణాఫ్రికాలోని ఓండర్‌స్టెపూర్ట్‌లో మాక్స్ స్టెర్న్ అను పశువైద్యుడు జిగురుపొరను పోగొట్టుకొన్న క్రిమివంశము నొకదానిని వేఱుచేసెను. పొర లేకుండుటచే అది రోగము తేలేదు, విషమున్నందున దేహమునకు ఎదుర్కొను నేర్పు నేర్పును. నేటికిని పశువులకు వేయు దొమ్మటీకా ప్రపంచమున పెక్కుచోట్ల ఆ వంశమునదే. మనదేశమున నాటి మద్రాసు రాజధానికి 1932లో రాణీపేటలో నెలకొల్పిన పశువ్యాధి నివారణసంస్థ ఈ టీకాలకు పేరుగన్నది. కర్నూలు అప్పుడు ఆ రాజధానిలోని జిల్లాయే. ఈ టీకాలోనిది జీవించియున్న బీజము గనుక, అదే సమయమున పశువునకు పెన్సిలిన్ ఇచ్చినచో టీకా వ్యర్థమగునను సంగతి కాపరులకు తప్పక చెప్పవలసినది.

ఇక మనుష్యుని విషయము. చచ్చిన పశువును కోయునప్పుడు చేతిమీది చిన్న గీతలో, గోటి ప్రక్కన చీలికలో బీజము చేరును. ఒకటినుండి ఏడు దినములలో అచట పురుగు కుట్టినట్లు ఒక గడ్డ లేచి దురద పెట్టును. అది నీటిపొక్కై, పగిలి, నడుమ బొగ్గువంటి నల్లని పెచ్చు గట్టును, చుట్టును వాపు వ్యాపించును. నొప్పి యుండదు. ఈ నొప్పి లేకుండుటయే ప్రమాదము. నొప్పి లేని పుండునకు కూలిదినము పోగొట్టుకొని ఆసుపత్రికి పోవు బీదవా డుండడు. మానవులకు వచ్చు దొమ్మలో నూటికి 95కు పైగా ఈ చర్మరూపమే. వైద్యము లేనిచో ఇట్టివారిలో నూటికి ఇరువదిమంది వఱకు చనిపోవచ్చును. సకాలమున వైద్యము జరిగినచో నూటికి ఒక్కరు కూడ చనిపోరు. తినుటవలన వచ్చునది ప్రేగులలో పుండ్లు చేయును. బీజములను పీల్చుటవలన వచ్చునది ఊపిరితిత్తులను పట్టి మిక్కిలి త్వరగా చంపును. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఉన్నిమిల్లులలో పనివారిని చంపినది ఈ రెండవ రీతి వ్యాధియే. ఏ దారిని వచ్చినను ఒక్కొకప్పుడది మెదడుపొరలకు ప్రాకును. ఆంధ్ర, తమిళ సరిహద్దు పల్లెలనుండి వచ్చిన అట్టి రోగులను గూర్చి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల వైద్యులు వైద్యపత్రికలలో వ్రాసియున్నారు.

తెలుగునాట ఇది పుస్తకములలోని మాట కాదు. 2016లో విశాఖ మన్యమున అరకులోయ ప్రాంతపు కోడిపుంజువలసలో చచ్చిన పశువు మాంసమును కోసి పంచుకొన్న గిరిజనులలో పలువురికి చర్మమున దొమ్మపుండ్లు లేచినవి. 2021 అక్టోబరులో వరంగల్లు జిల్లా దుగ్గొండి మండలము చాపలబండలో గొఱ్ఱెలు దొమ్మతో చచ్చినట్లు తేలగా, పశువైద్యాధికారులు తక్కిన మందలకు టీకాలు వేసిరి. ఇట్టి సంఘటనలలో మరల మరల కనబడు సంగతి యొకటి కలదు. బాగుగా ఉడికిన మాంసము తిన్నవారికంటె, ఆ మాంసమును ఒలిచి కోసి కడిగినవారు, అనగా కాపరి, కోతగాడు, ఇంటి యిల్లాలు ఎక్కువ ప్రమాదమున నుందురు. ఈ వ్యాధి మనిషినుండి మనిషికి సామాన్యముగా అంటదు. రోగి ప్రక్కన కూర్చుండిన బంధువునకు భయము లేదు, విమానమెక్కినవాడు లోకమునకు పంచలేడు. కావున ఉత్కంఠకథకు ఇది పనికిరాదు. కథ కావలసినవారు 1979 ఏప్రిలులో సోవియట్ రష్యాలోని స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో సైనిక ప్రయోగశాలనుండి బీజములు గాలిలో వెలువడి, గాలివాలున నున్నవారిలో కనీసము 66 మంది చనిపోయిన వృత్తాంతమును, 2001లో అమెరికాలో ఉత్తరములద్వారా పంపిన పొడి 22 మందికి సోకి 5గురిని బలిగొన్న వృత్తాంతమును చదువుకొనవచ్చును. అవి మనుష్యుడు కావలెనని పెంచిన క్రిములవలన కలిగిన ఘోరములు. నందికొట్కూరు మెట్టలలో జరుగగలది ఎవడును కావలెనని చేయనిది, అందుచేతనే ఎవడును పట్టించుకొననిది.

ఇచ్చట ప్రకృతి మనకు చేసిన ఒక ఉపకారమును గుర్తింపవలెను. కడ్డీరూపమున నున్న క్రిమి ప్రాణవాయువు తగిలినప్పుడే సిద్ధబీజమగును. చర్మము తెగని కళేబరములోపల గాలి లేదు. అందు కుళ్ళు పుట్టించు ఇతర క్రిములు పెరిగి కొలది దినములలో ఈ కడ్డీలను నశింపజేయును. కత్తి దిగినంతనే గాలి తగులును, నెత్తురు నేలను తడుపును, అందలి క్రిములన్నియు బీజములై ఆ మట్టిలో దశాబ్దములు నిలుచును. కుక్కలు, కాకులు, రాబందులు పీకినను ఇదే ఫలము. కనుక కోసినవాడు తనకు తాను హాని చేసికొనుటయే కాక, తన మనుమల మందకు కూడ ఆ పొలమును విషపూరితము చేయుచున్నాడు. దొమ్మ యనుమానమున్న కళేబరమును కోయరాదు, తోలొలువరాదు. ముక్కు, నోరు, మలద్వారములను క్రిమిసంహారకమున తడిపిన గుడ్డతో మూసి, చచ్చినచోటనే కాల్చవలెను. కాల్చుటకు వీలు లేనిచో నీటివనరులకు దూరముగా ఆఱడుగుల లోతున పూడ్చవలెను. గోతిలో సున్నము చల్లుట పాత యాచారము. సున్నపు పాలున్న నేలలోనే బీజములు చిరకాలము నిలుచునని తెలిసిన పిమ్మట నేటి నిపుణు లనేకులు దానిని వలదనుచున్నారు. రోగనిర్ణయమునకును కళేబరమును చీల్చనక్కఱలేదు. చెవినరమునుండి తీసిన ఒక బొట్టు నెత్తురును గాజుపలకపై పూసి, పాలిక్రోమ్ మిథిలీన్ బ్లూ అను రంగు వేసినచో, నీలికడ్డీల చుట్టు జిగురుపొర గులాబివన్నెలో సూక్ష్మదర్శినిక్రింద తెలియును. 1903లో మెక్‌ఫేడియన్ చూపిన ఈ పరీక్షకు పట్టునది కొన్ని నిమిషములు మాత్రమే. ఆంధ్రప్రదేశమున 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్యశాల పల్లెకే వచ్చు ఏర్పాటు 2022నుండి కలదు.

విజ్ఞానమున్నది, టీకా యున్నది, మందున్నది, పరీక్ష యున్నది, బండి యున్నది. అయినను కత్తి ఆగదు. ఏలయన, ఈ యేర్పాటులన్నియు కాపరిని కోయవద్దని చెప్పుచున్నవి గాని, కోయకున్న అతనికి కలుగు నష్టమును ఎవరు భరింతురో చెప్పుటలేదు. కోళ్ళ విషయమున ప్రభుత్వములు వేఱుమార్గమును త్రొక్కినవి. 2025 ఆరంభమున గోదావరి జిల్లాలలో పుట్టిన హెచ్5ఎన్1 పక్షిజ్వరము కొలది దినములలో కర్నూలు నగరమునను కనబడినది; భోపాలులోని జాతీయ ప్రయోగశాల దానిని నిర్ధారింపగా, రోగము వచ్చినచోట కోళ్ళను చంపి పూడ్చిరి. ఆ మార్చిలో నరసరావుపేట ప్రాంతపు పసిబిడ్డ యొకతె ఆ వ్యాధితోనే మంగళగిరి ఎయిమ్స్‌లో మరణించినది. పచ్చి కోడిమాంసపు ముక్క తినినదని ఇంటివారు చెప్పిరి. ఇంటిలో మఱియెవ్వరికిని ఆ వ్యాధి అంటలేదు. అచ్చటను రోగము మనుష్యుని చేరిన తావు అడవి కాదు, వంటయిల్లు. అయితే ప్రభుత్వము చంపించిన కోడికి కేంద్రరాష్ట్రములు పంచుకొని పరిహారమిచ్చు విధానము మనదేశమున చిరకాలముగా నున్నది. పరిహారమునకు ఆశ యుండుటచేతనే పెంపకందారుడు రోగమును దాచక చెప్పును. తనంతట తాను చచ్చిన గొఱ్ఱెకు అట్టి వెల లేదు.

బీమా కలదుగదా యని కొంద ఱనవచ్చును. కలదు. అయితే బీమా సొమ్ము పొందుటకు సాధారణముగా పశువైద్యు డిచ్చు శవపరీక్షాపత్రము కావలయును. దొమ్మతో చచ్చిన పశువునకు శవపరీక్ష చేయుట నిషిద్ధము. నియమములు రెండును సకారణములే, కాని రెండును కలిసి కాపరిని ఒకే మూలకు త్రోయుచున్నవి: కోయకున్న సొమ్ము రాదు, కోసినచో రోగము వచ్చును. 2009లో పార్లమెంటు చేసిన పశు అంటువ్యాధుల నివారణ చట్టము దొమ్మను వెంటనే తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. తెలిపినవానికి ఏమి దొరకునో కూడ అంత స్పష్టముగా నున్ననాడే ఆ చట్టము మెట్టపొలము వఱకు నడిచిరాగలదు. చెవిలోని ఒక బొట్టు నెత్తురునే శవపరీక్షకు బదులుగా అంగీకరించి, దొమ్మయని తేలిన ప్రతి గొఱ్ఱెకును, కోయకుండ కాల్చిన యెడల, మంద యజమానునకు దాని వెలను వారములోపల చెల్లించు ఏర్పాటు చేయుట ప్రభుత్వమునకు పెద్దభారము కాదు. చచ్చునవి కొలది గొఱ్ఱెలు మాత్రమే. బెంగుళూరులోని జాతీయ పశువ్యాధి పరిశోధనసంస్థ ఏ జిల్లాలో ఏ నెల దొమ్మ వచ్చు సూచన లున్నవో ముందుగా తెలుపుచున్నది. ఆ సూచనతోపాటు ఆ సొమ్మును కూడ తొలకరికి ముందే ఆయా మండలముల పశువైద్యశాలలలో సిద్ధముగా నుంచవచ్చును.

మృగరోగములు మానవుని చేరు దారులలో అడవి యొకటి, గబ్బిలమొకటి, విమానమొకటి. కాని మన సీమలో అతి పురాతనమైన దారి బీదవాని లెక్కలోనుండి పోవుచున్నది. చచ్చిన గొఱ్ఱెకు మాంసముగా నున్న వెల, కాల్చిన కళేబరమునకు కూడ దొరకిననాడు ఆ దారి మూతపడును. ఇందుకు కావలసినది నిద్రాహారములు మానిన వైద్యవీరుడు కాదు. సకాలమున సంతకము చేయు గుమాస్తా.